అడుగు వదిలి పట్టే టేపు

మా హాలు కిటికీ కర్టెన్లు నేలకి అడుగు పైనే ఆగిపోతాయి, బడిపిల్లాడి పొట్టయిపోయిన లాగుల్లాగా. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయన కొలిచి కుట్టించినవి అవి. కింద టేపు నేను పట్టుకున్నాను. ఆయన స్టూలెక్కి లెక్క చదివి టైలరుకి చెప్పాడు. నలుగురికీ ఇళ్లు కట్టిపెట్టే కాంట్రాక్టరు సొంత కిటికీ కొలవలేకపోయాడని మా అక్క పడీ పడీ నవ్వింది. నేనైతే మార్చనివ్వలేదు. మొగుణ్ణి దెప్పడానికి ఇంట్లో ఒక వస్తువంటూ ఉండాలి కదా.

ఇప్పుడు ఆ కర్టెన్ల వంక చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మా ఆయన సైటు చూసుకుంటాడు, ఆఫీసు నేను చూసుకుంటాను. ఆఫీసంటే ఏం లేదు, మా ముందుగది. ఒప్పందాలు, అనుమతులు, ఇంజనీరుతో మాటలు, సిమెంటు కొట్టువాడితో తగాదాలు అన్నీ నా నెత్తినే. కాంట్రాక్టర్ల సంఘం వాళ్లు వారం వారం ఒక పత్రిక వేస్తారు. ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడి అది చదివి వినిపించడం కూడా నా పనే. ఇసుక ధర, ఇనుము ధర చదివితే చెవులు నిక్కబొడుచుకుని వింటాడు. తీర్పులూ నిబంధనలూ ఉండే పేజీ తిప్పానంటే చాలు, కూనిరాగం అందుకుంటాడు. అందుకే ఆ పేజీ కావాలని గొంతు పెంచి చదువుతాను. పక్కింటివాళ్లకి కూడా ఈపాటికి గృహనిర్మాణ చట్టం సగం వచ్చేసి ఉంటుంది.

ఇక మా అక్క సంగతి. నాకంటే చాలా పెద్దది, నాకు జడలేసి బడికి పంపింది తనే. ఉప్పు వేసినా చెంచా అంచుకి గీసి మరీ వేస్తుంది. దుప్పటి మడత పెడితే మూలకి మూల కలవాల్సిందే. బావది పోస్టాఫీసులో ఉద్యోగం. ఇద్దరూ జన్మంతా అద్దె ఇళ్లలోనే గడిపారు. ఏ ఇంటి ఓనరూ గోడకి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. అక్క ఫొటోలన్నీ ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఉండేవి. సొంతిల్లు కట్టుకుంటే నువ్వు మొట్టమొదట ఏం చేస్తావని ఎవరడిగినా, మేకు కొడతాననేది.

చివరికి స్థలం కొన్నారు. నలభై అడుగుల వెడల్పు. ఒక పక్క ఎవరిదో పాత ఇల్లు, రెండో పక్క ఖాళీ స్థలం. ఆ వీధిలో హద్దు మీదే గోడ లేపుకోవచ్చు, మధ్యలో సందు వదలక్కర్లేదు. కట్టేది మా ఆయనే అని వేరే చెప్పాలా! మరిది చెయ్యి పడ్డాక ఇక దిగుల్లేదని అక్క కనపడ్డవాళ్లకల్లా చెప్పుకుంది.

మార్కింగు రోజున మేమంతా వెళ్లాం. మార్కింగంటే పునాది తవ్వే ముందు నేల మీద ముగ్గుపొడితో గోడల గీతలు వేస్తారు, అది. ఎప్పుడూ టేపు పట్టుకునే మేస్త్రీకి జ్వరం వచ్చి రాలేదు. ఎవరినైనా కేకేద్దామని మా ఆయన అటూ ఇటూ చూస్తుంటే అక్క కొంగు దోపుకుని ముందుకొచ్చింది. నా ఇంటికి తొలి కొలత నేనే పట్టుకుంటానంది. పాతింటి గోడ దగ్గరున్న హద్దురాయి పక్కన కూర్చుని, టేపు కొసని రాయికి ఆనించి, బొటనవేలితో నొక్కిపట్టింది. బావ ఫోన్లో ఫొటో తీశాడు. మా ఆయన అవతలి చివర గీత పెట్టి, అయిపోయింది వదినా, వదిలేయండని అరిచాడు. అక్క ఆ తర్వాత కూడా కాసేపు వదల్లేదు. సరిగ్గా వచ్చిందా లేదా మళ్లీ చూసుకోమంది. మాకందరికీ నవ్వొచ్చింది.

ఇల్లు లేచింది. రెండంతస్తులు, ముచ్చటగా వచ్చింది. హాలు అనుకున్నదానికంటే విశాలంగా ఉందని అక్క ఒకటే మురిసిపోయింది. నేల పలకలు వేసినవాడు మాత్రం హాలు చివర ఒక వరస తక్కువ పడిందని గొణిగాడు. పలకలు నువ్వేమైనా మింగేశావా అని ఫోన్లో వాణ్ణి దులిపేశాను. మరో రెండు పెట్టెలు తెప్పించాం, దాంతో ఆ మాట మరిచేపోయాం.

చేరిన రోజునే అక్క ఖాళీస్థలం వైపు గోడకి మేకు కొట్టింది. తనే కొట్టింది, బావని సుత్తి ముట్టుకోనివ్వలేదు. టేపు పట్టుకున్న ఫొటోని పెద్దది చేయించి ఆ మేకుకి తగిలించింది. ఫొటోలో ఎండకి కళ్లు చిట్లించి నవ్వుతూ ఉంటుంది.

వాళ్లు చేరి సంవత్సరం తిరక్కుండానే పక్క స్థలం ఆయన ఇల్లు కట్టుకోవడానికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, మాట కూడా వినపడీ వినపడనట్టు మాట్లాడతాడు. వెంట ఒక సర్వేయరుని తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. మీ ఆయన్ని తీసుకుని ఉన్నపళంగా రమ్మంది.

వెళ్లేసరికి సర్వేయరు హద్దురాళ్ల మధ్య తాడు కట్టి ఉంచాడు. తాడు తిన్నగా వచ్చి అక్క ఇంటి మూలకి తగిలి ఆగిపోయింది. గోడ దానికి అవతల ఉంది. పునాది నుంచి పైకప్పు దాకా గోడంతా ఆయన స్థలంలో ఉంది, అడుగు మేర.

మా ఆయన నవ్వాడు, నిజంగానే నవ్వాడు. మీ లెక్కేదో తప్పిందండీ అని సర్వేయరుతో అని, బండిలోంచి తన టేపు తెచ్చి, కొసని తనే హద్దురాయికి తగిలించాడు. కొలిచాడు. నలభై ఒకటి వచ్చింది. టేపు చుట్టేసి మళ్లీ కొలిచాడు. నలభై ఒకటే. మొహాన నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. నేను అక్కడే ఇటుకల మీద కూలబడ్డాను.

పక్క స్థలం ఆయన మాత్రం ఒక్క దురుసు మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అని ఉండేదాన్ని. తన స్థలమే సన్నమనీ, అందులో అడుగు పోతే వెడల్పు చాలక ప్లాను పాసవ్వదనీ, ఇంజనీరు తేల్చి చెప్పేశాడనీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. బదులుగా ఇంకేదైనా ఇస్తామంటే ఏం చేసుకోను తల్లీ, నాకు ఇల్లు కావాలి కదా అన్నాడు. న్యాయమే. గోడ పడగొట్టాలి. గోడ పోతే హాలు పోతుంది, దాని మీది గది పోతుంది, వాటి పైకప్పు పోతుంది.

అక్క ఏడవలేదు. మా ఆయన్ని లోపలికి పిలిచి హాల్లో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

"నువ్వు కొలిచావు, నేను నమ్మాను. ఇంక నా గడప తొక్కకు."

ఆయన తలెత్తాడు. అక్క వంక చూస్తున్నాడనుకున్నాను, కాదు. అక్క భుజం మీదుగా గోడ మీది ఫొటోని చూస్తున్నాడు. చూసి చూసి, ఏదో అనబోయి, నోరు మూసుకుని లేచి బయటికి నడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పయిందని ఒక్క ముక్క అంటే నోటి ముత్యాలు రాలతాయా అని దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని సాధించాను.

వంతెన దగ్గర బండి పక్కకి ఆపేశాడు.

"మీ అక్క సున్నా దగ్గర పట్టుకుంది."

నాకేం అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆయన పని నేర్చుకున్న గురువు దగ్గర ఒకే ఒక్క టేపు ఉండేదట, దాని కొస తెగిపోయింది. కొస లేని టేపుకి సున్నా ఎక్కడుంటుంది! అందుకని ఒక అడుగు గుర్తు దగ్గర పట్టుకునేవారు. ఉన్నదాన్ని కొలిచేటప్పుడు వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసెయ్యడం, గీత పెట్టేటప్పుడు ఒకటి కలపడం. మంచి టేపులు కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. కొస రేకు ఎప్పుడైనా వంగుతుంది, అడుగు గుర్తయితే మోసం చెయ్యదని తన మనుషులందరికీ అదే నేర్పాడు. ఆ చివర పట్టుకున్నవాడు అడుగు వదిలే పడతాడు, ఈ చివర ఈయన అడుగు కలిపే గీస్తాడు. ఆలోచించే పనే లేదు, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. ఆ రోజు నలభై కావాలి, నలభై ఒకటి దగ్గర గీశాడు. పట్టుకున్నది అక్క. కొస అంటే కొసే అనుకుని, రాయికి ఆనించి, వెంట్రుకవాసి కదలకుండా పట్టుకుంది. మిగతా కొలతలన్నీ ఆ గీత నుంచే తీశారు.

"కర్టెన్లు," అన్నాను.

"అవును, కర్టెన్లే," అన్నాడు.

ఎంత నవ్వుకున్నాం వాటిని చూసి! కారణం అప్పుడే తెలిసి కూడా, ఇంటి పని కదా అని నవ్వి ఊరుకున్నాడట మహానుభావుడు. ఆ వంతెన మీద నిలబెట్టి చెడామడా తిట్టాను. నోరెత్తకుండా పడ్డాడు.

పక్క స్థలం ఆయన నిర్మాణ వివాదాల బోర్డులో అర్జీ పెట్టాడు, ఆయనకి వేరే దారి లేదు. విచారణ తేదీ వచ్చింది. ఆ వారం పత్రికలో తీర్పుల పేజీ తిప్పాను. బోర్డు కొత్త నిబంధన తెచ్చింది. మార్కింగు తప్పి ఇల్లు పక్కవాళ్ల స్థలంలోకి వెళితే, ఆ తప్పు పూర్తిగా కాంట్రాక్టరుదే అని తేలితే, లైసెన్సు రద్దు. మళ్లీ ఇవ్వరు. అయితే ఇంటి యజమాని గానీ వాళ్ల మనిషి గానీ మార్కింగు కొలతలో చెయ్యి వేసి ఉంటే బాధ్యత ఇద్దరిదీ అవుతుంది. అప్పుడు హెచ్చరికతో సరిపెట్టి లైసెన్సు ఉంచుతారు.

గడ్డం గీసుకుంటున్న మనిషి కూనిరాగం తియ్యలేదు. మొత్తం విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. మొహం కడుక్కుని తువ్వాలు భుజాన వేసుకుని, ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పని తప్ప ఇంకో పని రాని మనిషి. కళ్లెదుట బయటపడే దారి కనిపిస్తుంటే వద్దంటున్నాడు. ఫొటో ఉంది, గోడ మీద, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా. అక్క నన్ను పెంచిందే గానీ నా మొగుడి బతుకు కూడా తనకి రాసిచ్చానా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఆవిడకి జన్మకంతా ఒకటే ఇల్లు. అది ఆవిడ చేత్తోనే పోయిందని నన్ను చెప్పమంటావా?"

నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని చెప్పులేసుకుని బయల్దేరాను.

అక్క హాల్లో సామాను సర్దుతోంది. బీరువా, సోఫా అప్పటికే వెనక గదిలోకి చేరాయి. గోడ మీద ఫొటో ఒక్కటే మిగిలింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన్ని ఎత్తుకుంది. సొంత మరిది కదా అని నమ్మితే కొంప కూల్చాడంది. నా ఇల్లు కాబట్టి అజాగ్రత్తగా కొలిచాడు, బయటివాళ్లదైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిచేవాడు కాదా అంది. ఒక్కో మాటకీ నా అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటున్నాను. ఇంతలో అక్క స్టూలెక్కి ఫొటో తీసింది. కొంగుతో దుమ్ము తుడిచి, పాత చీరలో చుట్టి నా చేతికిచ్చింది. గోడ పడగొడితే దుమ్ములో పాడైపోతుంది, అన్నాళ్లూ మీ ఇంట్లో ఉంచమంది. ఈ ఇంట్లో నాకు మిగిలిన మంచి రోజు అదొక్కటే అని కూడా అంది.

గోడకి మేకు మాత్రం ఉండిపోయింది. నేనేం చెప్పలేకపోయాను. ఫొటో చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, మంచం కింద తోసేసి, మా ఆయనతో మాట్లాడకుండా పడుకున్నాను.

విచారణ రోజున బోర్డు ఆఫీసు పైకప్పుకి ఇంత పెద్ద చెమ్మ మరక కనపడింది. నలుగురి ఇళ్ల గురించి తీర్పులు చెప్పేవాళ్ల సొంత స్లాబు కారుతోంది. వేరే రోజైతే ఆ మాట నలుగురికీ చెప్పి నవ్వించేదాన్ని. బల్లకి అవతల అధికారిణి కూర్చుంది, కళ్లజోడు పైనుంచి చూసే మనిషి. ఒక వైపు పక్క స్థలం ఆయన, సర్వేయరు. ఇంకో పక్క అక్కా బావా. వాళ్లకి దూరంగా మేమిద్దరం. అక్క మా వైపు తల తిప్పలేదు.

గోడ సంగతి తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. కొలతలు ఎవరూ కాదనలేదు. గోడ తియ్యాల్సిందేనంది అధికారిణి. తర్వాత మా ఆయన వైపు తిరిగి, కాంట్రాక్టరు బాధ్యత ఎంతో చూడాలని, మార్కింగు రోజున టేపు రెండో చివర ఎవరు పట్టుకున్నారని అడిగింది.

"మా కూలీ ఎవరో పట్టుకున్నాడు మేడమ్. పేరు గుర్తులేదు," అన్నాడు మా ఆయన.

ఆవిడ రాసుకోబోయింది. అయిపోయింది, లైసెన్సు పోయింది అనుకుని నేను చీర కుచ్చిళ్లు పిడికిట్లో నలిపేస్తున్నాను. కుర్చీ కిర్రుమంది. అక్క లేచి నిలబడింది.

"అబద్ధం మేడమ్. పట్టుకున్నది నేను."

మా ఆయన చటుక్కున తల తిప్పాడు. వదినా, మీరు కూర్చోండన్నాడు. అక్క కూర్చోలేదు. కొంప కూల్చింది చాలక ఇప్పుడు అబద్ధం కూడా ఆడుతున్నాడని తన కోపం. కూలీవాడి మీదికి నెట్టెయ్యడానికి ఎత్తు వేస్తున్నాడనుకుంది. నా వైపు చెయ్యి చూపించి, కావాలంటే ఫొటో మా చెల్లెలి దగ్గర ఉంది, తెప్పించుకుని చూడండంది. ఎక్కడ పట్టుకున్నారమ్మా అని అధికారిణి అడిగింది.

"కొసనే మేడమ్. సున్నా దగ్గర, రాయికి ఆనించి. ఆయన వదలమన్నా వదల్లేదు. నా వైపు వెంట్రుకంత తేడా కూడా లేదు."

నిజమే, లేదు. ఎంత నిటారుగా నిలబడి చెప్పిందో! అధికారిణి మా ఆయన్ని చూసి, మరి మీరెక్కడ గీశారని అడిగింది. ఆయన బల్ల అంచు వంక చూస్తున్నాడు. సర్వేయరు కలం బల్ల మీద పెట్టేసి తల దించుకున్నాడు. అదే పనిలో ఉన్నవాడు కదా, అతనికి తెలిసిపోయింది. అధికారిణి మరోసారి అడిగింది. నలభై ఒకటి దగ్గర, మేమెప్పుడూ అడుగు వదిలి పట్టుకుంటాం మేడమ్, అన్నాడు ఆయన. ఎదురుగా ఉన్నవాళ్లకి కూడా సరిగా వినపడలేదు. అక్కకి మాత్రం వినపడింది.

అక్క ఆయన్ని చూసింది. సర్వేయరుని చూసింది. ఆఖరున నన్ను చూసింది. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, నాకు జడలేసిన మనిషి, తన దగ్గర నేనేదీ దాచలేనని ఎరిగిన మనిషి.

"చెల్లీ, మీ ఇంట్లో కర్టెన్లు..." అంది.

ఆ మాట పూర్తి చెయ్యలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే తన కుడిచేతి వంక చూసుకుంది. బావ భుజం పట్టి కూర్చోబెట్టబోయాడు, కూర్చోవడం కూడా తెలియలేదు తనకి. ఇళ్లు కూలడం గురించి వారం వారం గొంతు పెంచి చదివాను గానీ, మనిషి కూలిపోతే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

అధికారిణి ఏదో రాసింది. యజమాని చెయ్యి ఉంది కాబట్టి బాధ్యత ఇద్దరిదీ అంది. హెచ్చరిక అంది. లైసెన్సు ఉంటుందంది. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. తీరా విన్నాక నాకు ఏ సంతోషమూ కలగలేదు.

బయట మెట్ల మీద అక్క ఆగిపోయింది. ఎదురుగా మా ఆయన బండి తాళంచెవి వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటున్నాడు. తాళంచెవి చేతిలోనే ఉంది.

"నీకు తెలుసు. ఫొటో చూసిన రోజే తెలుసు," అంది అక్క.

"మీరు సరిగ్గానే పట్టుకున్నారు వదినా. ఎక్కడ పట్టుకున్నారని అడగాల్సింది నేను."

"నిన్ను గడప తొక్కొద్దన్నాను."

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, సైటు మీద ప్లాను చూసేటప్పుడు ఆలోచించినట్టు.

"గడప వీధి వైపు గోడకి ఉంది కదా వదినా," అన్నాడు. "దాన్ని తియ్యక్కర్లేదు. గోడ పడగొట్టిన వైపు నుంచే వచ్చి మళ్లీ కడతాను, గడప తొక్కను."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను.